బస్తా ఎంత బరువు, తాతా?

బడిలో పాఠాలు చెప్పుకొనే నాకు కొన్నేళ్ళ కిందట బూత్ స్థాయి అధికారి పని కూడా అప్పగించారు. ఓటర్ల జాబితా చేతపట్టుకొని ఇంటింటికీ తిరిగి, కొత్తగా పద్దెనిమిదేళ్ళు నిండినవారి చేత ఫారం 6, కాలం చేసినవారి పేర్లు తీసివేయించడానికి ఇంట్లోవాళ్ళ చేత ఫారం 7 నింపించడం ఆ పనిలో ముఖ్యభాగం. నా బూత్ పరిధిలోనే మా వీధి కూడా ఉంది. ఈసారి సవరణలో మా వీధి నుంచి తీసుకున్న ఫారం 7లలో ఒకటి చివరి ఇంటి మామ్మది. జాబితాలో ఆవిడకు దక్కిన చోటు అగ్గిపెట్టెంత గడి. అందులో పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం. ఆ వయసు కూడా సరైనది కాదు. మా వీధిలో డెబ్బయి దాటినవారి కార్డులన్నీ ఒకచోట పెడితే, సగంమంది జనవరి ఒకటినో జులై ఒకటినో పుట్టినట్టు కనిపిస్తారు. పుట్టిన తేదీ చెప్పలేని మనిషికి ఎప్పుడో ఏదో కార్యాలయంలో గుమాస్తా తోచినట్టు రాసి ఇచ్చిన పుట్టినరోజు అది.

ఫారం మీద సంతకం పెడుతూ మామ్మ కొడుకు, "అయిపోనాదా మేష్టారూ, ఇంకేటైనా రాయాలా?" అని అడిగాడు. ఫారానికి అంతే. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటే విశాఖలో చాలామందికి తెలుసు. మా వీధి ఆ పేరున్న పేటకు కాస్త ఎడంగా, కొండవాలు మొదలయ్యే చోట, నలభై గడపలకు మించని చిన్న వీధి. 1960ల నడుమ బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్ నుంచి ఓడ మీద వచ్చిన కుటుంబాలు మొదట ఇక్కడ తాటాకు పాకలు వేసుకున్నాయి. తరువాత పెంకులు వచ్చాయి, ఆ తరువాత రేకులు, ఇప్పుడు శ్లాబులు. మా నాన్న వాల్తేరు రైల్వేలో కలాసీ. బొబ్బిలి వైపు నుంచి వచ్చి, 1977లో ఈ వీధిలో ఒక ఇల్లు చవకగా దొరికితే కొన్నాడు. కనుక నేను ఆ ఓడ దిగినవారి సంతతిని కాను, వారి అరుగుల మీద పెరిగినవాణ్ణి మాత్రమే. వారి సొంత మనవలు ఇంట్లో వినీ వినీ విసిగిపోయిన కబుర్లు నాకు కొత్తగా వినిపించడానికి అదే కారణమై ఉంటుంది. అలాగే, ఆ మనవలకు తెలిసి నాకు ఎవరూ చెప్పని సంగతులు కూడా తప్పక ఉండి ఉంటాయి.

రంగూన్‌ను వారిలో ఎవరూ రంగూన్ అనరు, రంగం అంటారు. ఆ మాట వారొక్కరిదే కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో మూడు తరాల కిందటి వరకు "వాడు రంగం పోయాడు" అంటే కూలి కోసం సముద్రం దాటాడని అర్థం. కరువుకో అప్పుకో తాళలేక మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని, భీమునిపట్నంలోనో విశాఖలోనో కాకినాడలోనో పొగఓడ ఎక్కి, డెక్కు మీద ఎండకూ వానకూ మూడు నాలుగు రోజులు కూర్చుంటే రంగం వచ్చేది. 1933లో విశాఖ రేవు తెరుచుకొనేదాకా ఓడ ఒడ్డుకు రాగలిగేది కాదు. దూరంగా లంగరు వేసుకొని ఉంటే మనుషులను మసూలా పడవల్లో అలలు దాటించి దాని దగ్గరకు చేర్చేవారు. గోదావరి పాయ మీది కోరంగి రేవు పేరు మీదుగా బర్మావారు తెలుగువాళ్ళను కొరంగీలు అని పిలిచారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అందులో రేవులో మూటలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో చేసినవారు, రిక్షాలు లాగినవారు చాలామంది మన ఉత్తరాంధ్ర జిల్లాలవారు.

మా వీధిలో నా చిన్నతనంలో ఇటువంటి పెద్దవాళ్ళు ముప్ఫైమంది దాకా ఉండేవారు. వారి మధ్య పెరిగి కూడా చాలాకాలం నాకు ఏమీ తెలియలేదు. తప్పు మా ప్రశ్నలది. "బర్మా ఎలా ఉండేది తాతా?" అని మేము అడిగేవాళ్ళం, "బాగుండీది" అని ఏ తాతైనా అనేవాడు. ఇంకాస్త బతిమాలితే, "మంచి ఊరు బాబూ" అనేవాడు. అక్కడితో ఆ సంభాషణ ముగిసేది. బడిలో వ్యాసానికి ఇచ్చే అంశంలాంటి ప్రశ్న వేస్తే వ్యాసంలాంటి జవాబే వస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది కూడా అనుకోకుండానే. డిగ్రీ చదివే రోజుల్లో రేవు కూలీల గురించి ఏదో రాయవలసి వచ్చి, మా ఎదురింటి తాత దగ్గరకు వెళ్ళాను. ఆయనను వీధిలో అందరమూ రేవు తాత అనేవాళ్ళం. రంగంలో రేవు పని, ఇక్కడికి వచ్చాక విశాఖ రేవు పని, మొత్తం నలభై ఏళ్ళు. ఆ రోజు నేను బర్మా ఊసెత్తకుండా, "బస్తా ఎంత బరువు ఉండేది తాతా?" అని అడిగాను. ఆయన నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టి, "బియ్యం బస్తాయా, తవుడు బస్తాయా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. నేను లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి.

బియ్యం బస్తా అరవై వీశెలని చెప్పాడు. అయితే ఏ వీశె అని వెంటనే తానే అడిగి తానే చెప్పాడు. రంగం వీశె బరువు, మన వీశె తేలిక. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. మన వీశె నూట ఇరవై తులాలు, అంటే దాదాపు 1.4 కిలోలు, బర్మా వీశె 1.63 కిలోలు. పల్లె నుంచి కొత్తగా వెళ్ళిన కుర్రవాడు అరవై వీశెలంటే 84 కిలోలనే ధైర్యంతో వీపు వంచుతాడు, మీద పడేది 98 కిలోలు. ఆ తేడా మూడేళ్ళ పిల్లవాడి బరువు. "మొదటి దినం పలక మీద కాళ్ళు వొణికినాయి. మాయయ్య ఎనకాల నుండి, ‘కిందకి సూడకు, ముందోడి మడమ సూడు’ అన్నాడు" అని రేవు తాత చెప్పాడు. పలక అంటే ఓడకూ గట్టుకూ మధ్య వేసే చెక్క వంతెన. నది పోటు మీద ఉన్నప్పుడు అది ఏటవాలుగా పైకి లేస్తుంది, పాటు మీద ఉన్నప్పుడు కిందికి జారుతుంది. అందుచేత ఒకే కూలికి ఉదయం ఎక్కుడు, సాయంత్రం దిగుడు. ముఠాలో పదిమంది ఉంటే పదకొండో వాటా మేస్త్రీది. పన్నెండో వాటా కూడా మేస్త్రీదేనని, అది పుస్తకంలో కనపడదని ఆయన నవ్వుతూ చెప్పాడు.

తీరా వారు ఇక్కడికి వచ్చేసరికి వీశె లేదు. 1958 నుంచి దశలవారీగా వచ్చిన మెట్రిక్ తూకాలు అప్పటికి బజారంతా పరుచుకున్నాయి. అణాలు పోయి 1957లోనే నయాపైసలు వచ్చాయి. తండ్రులు వదిలి వెళ్ళిన దేశానికి కొడుకులు తిరిగి వచ్చి పూర్ణా మార్కెట్‌లో వీశె వంకాయలు అడిగితే కొట్టువాడు నవ్వాడట. ఈ ఒక్క సంగతి రేవు తాత నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. ఓడ ప్రయాణం గురించి, పోగొట్టుకున్న వాటి గురించి ఎన్నడూ ఇంత పట్టుగా చెప్పలేదు. ఆ నవ్వు ఆయనకు అంతగా గుచ్చుకొందని మాత్రమే నేను అనుకుంటాను, అంతకు మించి ఊహించను.

విశాఖ రేవులో ఆయన మొదట మోసింది మాంగనీసు. బియ్యం బస్తా వీపు మీద, మాంగనీసు గంప తల మీద. చుట్టకుదురు ఎంత మెత్తగా చుట్టినా సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం తేవడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పడి, ఖనిజం ఎత్తడానికి రేవులో యంత్రాలు వచ్చాక గంపల అవసరం తగ్గింది. తాత ఆ యంత్రాలను తిట్టలేదు. "అదెంత ఎత్తుద్దో నాను లెక్కెట్టినాను బాబూ. మా ముఠా అంతా కలిసి రోజంతా ఎత్తినది, అది బీడీ కాల్చే లోపల ఎత్తీసింది" అని మెచ్చుకోలుగానే చెప్పాడు. మనిషి చేత ఆ బరువు మోయించడమే తప్పని ఆయనకు నలభై ఏళ్ళుగా తెలుసు కాబోలు.

ఆయన తండ్రి కూడా అదే రంగం రేవులో కూలీ. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కూలీలు పని ఆపితే, కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మా కూలీలను పొమ్మన్నాయి. ఆ కోపం 26వ తేదీన కొట్లాటగా మొదలై రోజుల తరబడి నగరమంతా పాకింది, వందకు పైగా ప్రాణాలు పోయాయి. దీని గురించి నేను తరువాత పుస్తకాల్లో చదివాను. తాత చెప్పినది వేరు. ఆయన తల్లి అప్పుడు నిండు చూలాలు. ఇంటి పక్కనున్న బర్మా ఆవిడ వచ్చి, తన గుడ్డలు కట్టబెట్టి, బర్మా ఆడవాళ్ళు ముఖానికి రాసుకొనే తనకా అనే చెట్టు బెరడు గంధం పూసి, తన చెల్లెలని చెప్పి మూడు రోజులు వాళ్ళింట్లో కూర్చోబెట్టుకొంది. తాత పుట్టింది ఆ నెలలోనే. అంటే కార్డు మీద జులై ఒకటి అని ఉన్నవారిలో కనీసం ఒకరి పుట్టుకకు నెల చెప్పగలను. ఆయన బతికి ఉన్నప్పుడు ఆ దిద్దుబాటు చేయించాలని నాకు తోచలేదు.

చివరి ఇంటి మామ్మ సంగతికి వస్తాను. ఆవిడ రంగం నుంచి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నడిచి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అప్పటికి మామ్మకు పదకొండో పన్నెండో. తల్లి, తండ్రి, తమ్ముడు, తాను. ఓడలో చోటు డబ్బున్నవారికే దొరికింది. మిగిలినవారు లక్షల సంఖ్యలో కాలినడకన బయలుదేరారు. వీరు ప్రోమ్ దాకా ఎలాగో చేరి, ఐరావతి దాటి, అరకాన్ కొండల్లో టౌంగుప్ కనుమ మీదుగా నడిచారు. ఆ దారుల్లో కలరాతో, ఆకలితో వేలాదిమంది రాలిపోయారు. మామ్మ తమ్ముడు ఆ దారిలోనే పోయాడని ఆవిడ కొడుకు నాతో చెప్పాడు. ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, నేను అడగలేదు. నేను అడిగినది, ఏం పట్టుకొని బయలుదేరారని. అటుకులు, బెల్లం, ఉప్పు, రెండు దుప్పట్లు, ఒక ఇత్తడి చెంబు. ఎన్ని అటుకులు? తల్లి చీర కొంగుకు సరిపడా రెండు మూటలు. ఎన్నాళ్ళు వచ్చాయి? "ఆరు దినాలు. అయిపోనాక మంచినీళ్ళు కూడా కొనుక్కున్నాం, చెంబుకి ఇంత అనీసి" అంది. ఎంత అని అడిగితే, ఎనభై దాటిన ఆ మనిషి తడుముకోకుండా చెప్పింది: "మొదట అణా. కొండెక్కినాక నాలుగణాలు." పాలిచ్చే తల్లులకు ఊరకనే పోసిన ఒక ముసలాయన ఉండేవాడని కూడా చెప్పింది.

చిట్టగాంగ్ చేరి, అక్కడి నుంచి రైళ్ళు మారుతూ కలకత్తా మీదుగా వాల్తేరు స్టేషన్లో దిగేసరికి ఏప్రిల్ నెలాఖరు. బాంబుల నుంచి పారిపోయి ఇంటికి వచ్చామనుకున్నారు. స్టేషన్ బయట జట్కాలు లేవు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద కూడా బాంబులు వేశాయి. పట్నంలో జనం తాళాలు వేసుకొని చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళిపోయారు. "రంగంలో బాంబు, ఇక్కడా బాంబే. మాయమ్మ రోడ్డు మీద కూలబడి నవ్వినాది. ఏడుస్తాదనుకున్నాం గానీ నవ్వినాది" అని మామ్మ చెప్పింది. ఆ తల్లి నవ్వును నేను చాలాసార్లు తలచుకొంటాను.

యుద్ధం ముగిశాక మామ్మకు పెళ్ళయింది. పెళ్ళికొడుకుకు రంగం దగ్గరి సిరియంలో, నూనె శుద్ధి కర్మాగారంలో పాత ఉద్యోగం పిలిచి ఇస్తామన్నారు. అలా ఆవిడ మళ్ళీ రంగం వెళ్ళింది. 1948 జనవరి 4న బర్మాకు స్వతంత్రం వచ్చినప్పుడు అక్కడే ఉంది, నలుగురు పిల్లలను అక్కడే కన్నది. రెండోసారి తిరిగి వచ్చింది 1965లో, ఈసారి ఓడ మీద, డబ్బు లేకుండా. ఇత్తడి చెంబు మాత్రం రెండు ప్రయాణాలూ చేసింది. ఆవిడ చివరిదాకా నీళ్ళు దానితోనే తాగింది. కోడలు కొన్న స్టీలు గ్లాసుల్లో నీళ్ళకు రుచి ఉండదనేది.

రెండో రాక ఎందుకు జరిగిందన్నది మా వీధిలో అందరికన్నా బాగా చెప్పగలిగినవాడు మిషను తాత. 1962 మార్చి 2న బర్మా సేనాని నె విన్ సైన్యంతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చి నుంచి దుకాణాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. మిషను తాత తండ్రిది చిన్న బట్టల కొట్టు. కొట్టు ముందు కుట్టుమిషను వేసుకొని కొడుకు కూర్చొనేవాడు. ఒకరోజు ఉదయం ముగ్గురు వచ్చి, తానులన్నీ గజాల లెక్కన రాసుకొని, తాళం చెవి అడిగి తీసుకొని, చీటీ ఇచ్చి వెళ్ళారు. మే 17న 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. వీళ్ళ నోట ఆ నాణెం పేరు చాట్, అక్కడ పలికే తీరు అదే. ఇంట్లో దాచుకొన్నవి దాదాపు అన్నీ వందలే. ఆ తరువాత భారత ప్రభుత్వం పంపిన ఓడల్లో లక్షకు పైగా మనుషులు తిరిగి వచ్చారు. ఓడ ఎక్కేముందు ఆడవాళ్ళ ఒంటి మీద బంగారం తీసేసుకున్నారని మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. మిషను తాత తెచ్చుకోగలిగింది కత్తెర, కొలత టేపు. మిషను తేనివ్వలేదు. ఇక్కడ రెండేళ్ళు కూలికి కుట్టి, తరువాత పాత మిషను ఒకటి కొనుక్కున్నాడు. నా బడి నిక్కర్లన్నీ ఆయన కుట్టినవే. కొలత ఒకసారే తీసుకొనేవాడు, ఆ తరువాత ప్రతి ఏడూ కంటితో చూసి రెండు అంగుళాలు పెంచేవాడు. ఎప్పుడూ కాస్త వదులే.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయిన తరువాత, ఎనభై ఏళ్ళ ఆ మనిషిని బ్యాంకు దగ్గరకు స్కూటరు మీద తీసుకువెళ్ళింది నేనే. వరుస వీధి మలుపు దాకా ఉంది. అందరూ చిరాకుగా, భయంగా ఉంటే ఆయన తీరిగ్గా ఉన్నాడు. "నాకిది రెండోసారి బాబూ" అన్నాడు. వరుసలోని కుర్రవాళ్ళు వినడానికి దగ్గరకు జరిగారు. "అక్కడ యాభై, వంద. ఇక్కడ ఐదొందలు, వెయ్యి. ఒక సున్న పెరిగినాది, అంతే. ఇక్కడైతే మార్చి ఇస్తామంటన్నారు గదా" అని, తనకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నవాడైన ముందు మనిషికి ధైర్యం చెప్పాడు. బర్మా నోటు ఒకటి ఆయన పెట్టెలో ఉండేది. ఆయన పోయాక దాన్ని మనవడు ఎవరికో పాత నోట్లు సేకరించేవారికి అమ్మాడని విన్నాను. ఎంతకు అమ్మాడో అడగాలనిపించింది, అడగలేదు.

ఇక్కడికి వచ్చిన తరువాతి రోజులు వారికి సులువుగా గడవలేదు. సొంత ఊళ్ళకు వెళ్ళినవారిని దాయాదులు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినవారు భూమి వాటా అడుగుతారని తలుపు ఓరగా మాత్రమే తీశారు. బడిలో వాళ్ళ పిల్లలను ‘బర్మా’ అని పిలిచేవారు. ఒక ఇంటి పిల్లకు చదువు కోసం ఏదో ధ్రువపత్రం కావలసివచ్చి, తాతగారి ఊరి నుంచి కాగితం తెమ్మంటే, ఆ ఊళ్ళో ఆ పేరు తెలిసినవాడే లేక ఏడాది తిరిగారు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం విశాఖ అట్టుడికినప్పుడు మరో విచిత్రం జరిగింది. నవంబరు 1న కాల్పులు జరిగి మనుషులు చనిపోయారని, పట్నంలో జనం పరుగులు తీస్తున్నారని వార్త రాగానే, వచ్చి రెండేళ్ళు కూడా కాని మా వీధివారు అది తమ మీదికే వస్తున్న అల్లరి అనుకున్నారు. రేవు తాత తల్లి అప్పటికి బతికే ఉంది. పిల్లలందరినీ ఒకే పాకలోకి తోలి, తలుపుకు తడక అడ్డం పెట్టి, రోకలి పట్టుకొని రాత్రంతా గుమ్మంలో కూర్చొందట. తెల్లవారి పాలవాడు వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఉక్కు ఏమిటో, హక్కు ఏమిటో అప్పుడు విని, తరువాతి ఊరేగింపులో మా వీధి మగవాళ్ళు కూడా నడిచారు.

హుద్‌హుద్ తుఫాను గురించి ఎక్కువ రాయను, ఆ రోజు గురించి విశాఖలో అందరికీ చెప్పుకోవడానికి ఉంది. 2014 అక్టోబరు 12న మా వీధిలో సగం రేకులు ఎగిరిపోయాయి. తరువాతి రోజుల్లో కరెంటు లేక, నీళ్ళు లేక మేమందరం తల పట్టుకొని కూర్చుంటే, పెద్దవాళ్ళు ఇది తమకు బాగా తెలిసిన పని అన్నట్టు వీధి మధ్యలో మూడు రాళ్ళు పెట్టి, ఇంటికొక గిన్నె బియ్యం వసూలు చేసి, ఒకే పొయ్యి మీద అందరికీ వండారు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో జాబితా లేకుండా చెప్పగలిగింది వారే. బూత్ అధికారినైన నాకన్నా కచ్చితంగా చెప్పారు.

కొన్నేళ్ళ కిందట ఏదో సర్వేకు వచ్చిన కుర్రవాడు చివరి ఇంటి మామ్మను పుట్టిన ఊరు అడిగాడు. ఆవిడ రంగం అంది. తరువాత ఆ కాగితం నకలు చూస్తే అందులో రంగంపేట, తూర్పు గోదావరి జిల్లా అని ఉంది. చదివి వినిపించి, దిద్దించమంటావా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ ఊళ్ళో మంచినీళ్ళు బాగుంటాయా?" అంది. బాగుంటాయనే అన్నాను. "అయితే ఉండనీ" అంది. ఆవిడ నవ్వించడానికి అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను దిద్దించలేదు. ఇప్పుడు దిద్దించినా ఫలితం లేదు.

ఓడ దిగేనాటికే పెద్దవాళ్ళై ఉన్నవారిలో మా వీధిలో ఇప్పుడు మిగిలింది కౌస్వే మామ్మ ఒక్కతే. వచ్చినప్పుడు ఆవిడకు ఇరవై రెండేళ్ళు. భర్తకు పని దొరకని మొదటి సంవత్సరమే సాయంత్రాలు కూడలిలో బండి పెట్టింది. కౌస్వే అంటే నూడుల్స్. శనగపిండి వేయించి కలిపిన కొబ్బరిపాల పులుసు వాటి మీద పోసి, వేయించిన ఉల్లిపాయలు, ఉడికిన గుడ్డు ముక్కలు, ఎండుమిర్చి పొడి, నిమ్మరసం వేసి ఇస్తారు. నూడుల్స్ దొరకని రోజుల్లో ఆవిడ ఇంట్లో సేమ్యాతో చేసేది, అది కుదరలేదని ఆవిడే ఒప్పుకుంటుంది. ఆదివారాలు జెల్ల చేప, అరటి దూట వేసి మొహింగా పులుసు కాచేది. చేప వాసనకు మా అమ్మ కిటికీ మూసేది, మూసి మరీ గిన్నె పంపించేది. మోకాళ్ళు పట్టేసి బండి మానేసి పదేళ్ళయింది. ఇప్పుడు మనవరాలు అదే పులుసు చేస్తుంది గానీ, పిండి సరిగ్గా వేగకముందే దించేస్తోందని మామ్మ ఫిర్యాదు.

చివరి ఇంటి ఫారం తీసుకున్న రోజునే ఆవిడ దగ్గరకూ వెళ్ళాను. జాబితాలో ఆవిడ పేరు సరిచూడాలి. ఈసారి ప్రశ్న ముందే అనుకొని వెళ్ళాను.

"ఓడలో మీరు ఏ పక్కన కూర్చున్నారు మామ్మా?"

"వంటపొయ్యి పక్కన. మీ తాతకి ఒకటే వాంతులు, నాకు ఒకటే ఆకలి" అంది వెంటనే. ఓడలో ఏం పెట్టారు, ఎన్నిసార్లు పెట్టారు, రెండోసారి అడిగితే ఏమన్నారు అన్నవన్నీ చెప్పింది. నేను రాసుకుంటూ ఉంటే ఆవిడ నా కాగితం వైపు చూసి, మధ్యలో ఆగి, "అది సరే గానీ బాబూ, కొబ్బరికాయ ఎంతుంది ఇప్పుడు?" అని అడిగింది.

నలభై దాటిందని చెప్పాను.

"నలభయ్యా!" అని ఆవిడ వేళ్ళు ముడిచి, తిత్, నిత్, తౌన్, లే అని బర్మా భాషలో లెక్క మొదలుపెట్టింది, డబ్బు లెక్క, మనుషుల లెక్క ఆవిడ ఇప్పటికీ ఆ భాషలోనే కడుతుంది. మా ఇంట్లో నలుగురం, వాళ్ళ ఇంట్లో ఐదుగురు. రెండు చేతులూ దాదాపు పూర్తయ్యాక తల ఎత్తింది.

"అయితే ఆదివారం ఒక్క కాయే తే. పాలు పలచన చేసీసి, సెనగపిండి ఇంకొంచెం ఏయిస్తాను. నీకు తేడా తెల్దులే."